అడవిని ముట్టుకోకుండా వదిలేస్తే మళ్లీ మునుపటిలా అవుతుందా?

గుణుపురం మాస్టారు:
మా కొండల మీద పోడు ఆపేసి, గొడ్డలి పోనివ్వకుండా ముప్పై ఏళ్లు వదిలేస్తే చాలు, తాతలనాటి అడవి తిరిగొస్తుందని నా నమ్మకం. మనిషి చెయ్యి పడకపోతే చెట్టుకి వచ్చే కష్టమేముంది? కాదనేవాళ్లు కారణం చెప్పండి.

రాయగడ అమ్మాయి:
మాస్టారూ, మనిషి చెయ్యి పడని చోట కూడా అడవి మారిపోతోందండీ. పనామా కాలువ కోసం నదికి ఆనకట్ట వేస్తే, చుట్టూ నీళ్లు చేరి ఒక కొండ దీవి అయింది. పేరు బారో కొలరాడో. 1923 నుంచి అక్కడ చెట్టు కొట్టనివ్వరు. 1980ల మొదట్లో అందులో 50 హెక్టార్లకు హద్దులు వేసి, సెంటీమీటరు మందం దాటిన ప్రతి చెట్టుకీ నంబరు కట్టారు. రెండు లక్షలకు పైనే. ఐదేళ్లకోసారి మళ్లీ కొలుస్తారు.

1983లో ఎల్‌నినో (పసిఫిక్ సముద్రం వేడెక్కి వానలు తారుమారవడం) వల్ల అక్కడ ఎండాకాలం బాగా ముదిరిపోయింది. పెద్ద చెట్లు ఎక్కువగా చచ్చాయి. తేమ లేనిదే బతకలేని జాతులు కొన్ని ఆ తర్వాత కూడా తగ్గుతూనే వచ్చాయి. అక్కడ గొడ్డలి లేదు, పోడు లేదు. వాన ఒక్కటే తప్పింది.

కోరాపుట్ రైతు:
ప్రతిదానికీ పోడు చేసేవాళ్లనే అంటారేంటి మాస్టారూ? మా పెద్దవాళ్లు ఒక చెక్క సాగు చేస్తే పదేళ్లకు పైనే బీడు వదిలేవాళ్లు. మొదళ్లు చిగిర్చి అడవి లేచేది. ఇప్పుడు భూమి చాలక మూడేళ్లకే మళ్లీ అక్కడికే వస్తున్నాం, ఒప్పుకుంటాను. కానీ పక్క కొండంతా వరసగా జామాయిల్ వేస్తే దాన్నీ అడవి కిందే లెక్క రాస్తున్నారు. పైనుంచి తీసిన ఫొటోలో పచ్చగా కనిపిస్తే చాలు. అందులో పక్షికి పండు లేదు, మాకు ఇప్పపువ్వు లేదు.

గుణుపురం మాస్టారు:
జామాయిల్ సంగతి నిజమే. కానీ అమ్మా, పనామాది వాన అడవి. మనవి గుగ్గిలం, మద్ది, వేసవిలో ఆకు రాల్చేవి. ఎండకు అలవాటు పడ్డ చెట్లు. ఆ లెక్క ఇక్కడ ఎలా చెల్లుతుంది?

రాయగడ అమ్మాయి:
అచ్చంగా చెల్లదండీ. తమిళనాడు ముదుమలైలోనూ 1988 నుంచి 50 హెక్టార్లు కొలుస్తున్నారు. అది మనలాగే ఆకు రాల్చే అడవి. అక్కడ చెట్ల చావుకి నిప్పు, ఏనుగులు పెద్ద కారణాలు. కాబట్టి ఒక్కో అడవిది ఒక్కో కథ. అమెజాన్‌లో మూడు వందలకు పైగా చోట్ల కొలిచి 2015లో చెప్పిందేమంటే, 1990లతో పోలిస్తే ఆ అడవి గాలిలోంచి పీల్చి దాచుకునే కార్బన్ మూడో వంతు తగ్గిందని. చెట్ల ఎదుగుదల వేగం ఇక పెరగడం ఆగిపోయింది, చావులు మాత్రం పెరుగుతూ పోయాయి. చెట్టు మీద పాకే పెద్ద తీగలు బలపడటం కూడా అక్కడ చూశారు.

పర్లాకిమిడి నుంచి:
తీగలంటే గుర్తొచ్చింది. మా వైపు అడ్డతీగ అంతే. విస్తళ్లకి ఆకు, తాళ్లకి నార అదే ఇస్తుంది, దాన్ని తిట్టలేను. మా గెడ్డ పక్కన ముగ్గురు చేతులు పట్టుకుంటే గానీ అందని మద్దిచెట్టు ఒకటుండేది. అడ్డతీగ నా తొడంత లావై దాని నెత్తిన గొడుగులా కప్పేసింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి ఆ బరువుతో పక్కకి ఒరిగి, తీగ పట్టుకున్న రెండు చెట్లని కూడా లాక్కుని పడింది. ఆ ఖాళీలో ఇప్పుడు మద్ది మొక్క ఒక్కటి లేదు. తుప్పలు, తీగలు, అంతే. అక్కడ ఎవరూ పోడు చెయ్యలేదు మాస్టారూ. నేను చిన్నప్పటినుంచి చూస్తున్న చోటు.

గుణుపురం మాస్టారు:
ఆ మద్ది నాకూ తెలుసు. గొడ్డలి ఆపాలన్న మాట వెనక్కి తీసుకోను. ఆపితే చాలన్న మాట మాత్రం తీసుకుంటున్నాను. మా బడిపిల్లలతో యాభై చెట్లు కొలిపిస్తాను. ఎలాగో చెప్పమ్మా.

రాయగడ అమ్మాయి:
దర్జీ టేపు చాలండీ. నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తున రంగుతో గీత పెట్టి, ఏటా ఆ గీత మీదే చుట్టుకొలత తీయాలి. వానాకాలంలో కాండం నీరు పట్టి కాస్త ఉబ్బుతుంది, ఎండల్లో తగ్గుతుంది. అందుకని ప్రతిసారీ ఒకే నెలలో కొలవండి. తీగ ఎక్కిందా లేదా రాయండి. చెట్టు చనిపోతే నంబరు కొట్టేయకండి, ఎప్పుడు చూశారో, నిలబడి ఎండిందో, విరిగి పడిందో పక్కన రాసి ఉంచండి.