సెలబ్రేషన్ ఏల్: చలికాలపు బీరా, కోతకాలపు బీరా?

రాగిచెంబు (ఫ్రీమాంట్):

ప్రతి నవంబరులోనూ మా ఇంట్లో ఇదే తంతు. సియెరా నెవాడా అనే బీరు కంపెనీ వాళ్ల సెలబ్రేషన్ ఏల్ బీరు ఎర్ర పెట్టెలు కొట్లోకి రాగానే ఆరు సీసాలు తెచ్చుకుంటాను. మంచు కప్పిన చెక్క ఇల్లున్న ఆ లేబుల్ చూస్తే దుప్పటి కప్పుకుని తాగే బీరేమో అనిపిస్తుంది. మూత తీశాక కథ వేరు.

నిన్న తీసిన సీసా సంగతి చెప్తాను. గ్లాసులో రాగి రంగు, దీపానికి ఎదురుగా పెడితే కాస్త ఎరుపు. మీగడ రంగు నురగ, చివరి గుక్క దాకా గ్లాసు గోడల్ని వదల్లేదు. వాసన చూస్తే ముందు పంపరపనస తొక్కని గోటితో గిల్లినట్టు, దాని వెనకాల దేవదారు బంక. నోట్లో మొదట ముదురు బెల్లం పాకం. అది చప్పరించేలోపే చేదు వచ్చి కూర్చుంటుంది. బెల్లం పెట్టిన కాకరకాయ కూర తింటే ముందు తీపి తగిలి, తర్వాత అసలు సంగతి తెలుస్తుంది చూడండి, అలాగ. మింగి ఐదు నిమిషాలైనా నాలుక వెనక ఆ చేదు పోలేదు.

నచ్చలేదని కాదు. చలికాలపు బీరంటే ఇంగ్లండు వాళ్ల వింటర్ వార్మర్‌లా ముదురు రంగులో, తియ్యగా, గొంతులోకి వెచ్చగా దిగాలి కదా? దీన్ని జూలైలో చేతికిచ్చినా ఐపీఏ అనే మామూలు చేదు బీరు రకం అనుకుని తాగేస్తాం. ఆ మంచు బొమ్మ తీసేస్తే ఇందులో చలికాలం ఎక్కడుంది?

చేదుబాట:

బొమ్మలోనే ఉంది. అమ్ముడుపోవాలి కదండీ.

యాకిమాదారి (సియాటిల్):

రాగిచెంబు గారూ, మీరు చలిని చూస్తున్నారు, పంటని చూడట్లేదు. మనం ఆవకాయ ఎండాకాలంలో ఎందుకు పెడతాం? ఎండలకి కారం మంచిదనా? కాయ అప్పుడే వస్తుంది కాబట్టి.

బీరుకి చేదూ వాసనా ఇచ్చే హాప్స్ పూల కోత ఆగస్టు చివర్లో మొదలై సెప్టెంబరంతా సాగుతుంది. అమెరికా హాప్స్‌లో దాదాపు ముప్పావు వంతు వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమా లోయలోనే పండుతుంది. మా ఇంటి నుంచి రెండున్నర గంటల దారి. ఒక సెప్టెంబరులో పిల్లల్ని తీసుకుని వెళ్లాం. రెండు నిలువుల పైన కట్టిన తీగల మీదికి పాకిన పాదులు, వాటి మధ్య సందుల్లో నడుస్తుంటే బత్తాయి తోటలో ఎవరో సాంబ్రాణి వేసినట్టు ఉంది. మా చిన్నది ఒక పువ్వు నలిపి నాకింది, ఇంటికొచ్చేదాకా ఏడుస్తూనే ఉంది.

అప్పుడే కోసిన పువ్వులో ముప్పాతిక వంతు పైన నీళ్లే. ఒకటి రెండు రోజులు అలా వదిలేస్తే వేడెక్కి పాడైపోతుంది. అందుకే పొలం పక్కనే బట్టీల్లో ఆరబెట్టి, తేమని పది శాతం దగ్గరికి దించి, బేళ్లు కట్టి చల్లని గోదాముల్లో పెడతారు. మామూలు బీర్లన్నీ ఏడాది పొడుగునా ఆ నిల్వతోనే నడుస్తాయి. సెలబ్రేషన్‌కి అలా కాదు. ఆరబెట్టిన వారంలోపే ఆ సరుకు బ్రూవరీలో కాగుకి ఎక్కాలని వాళ్ల నియమం. సెప్టెంబరులో కోసి, కాచి, పులియబెట్టి, సీసాలకెత్తేసరికి శీతాకాలం గుమ్మంలో ఉంటుంది. మంచు బొమ్మ అందుకు పెట్టారు. ఈ బీరుకి పుట్టిన తేదీ ఉంది గానీ తాగే వాతావరణం ఏమీ లేదు.

చేదుబాట:

ఆరబెట్టిన దాన్ని పట్టుకుని లేబుల్ మీద "ఫ్రెష్ హాప్" అని రాయడమేమిటి? పచ్చి పూలు వేస్తే కదా ఫ్రెష్. దానికి వెట్ హాప్ అని వేరే పేరుంది, ఇదే కంపెనీ 1996లో హార్వెస్ట్ ఏల్ అలాగే చేసింది. కొమ్మ నుంచి తుంచి పోపులో వేసిన కరివేపాకూ, డబ్బాలోంచి తీసిన ఎండు కరివేపాకూ ఒకటేనా?

యాకిమాదారి:

కరివేపాకు పోలిక ఇక్కడ కుదరదు, మిరపకాయ తీసుకోండి. పచ్చిమిర్చి తాజాదే. ఈ ఏడు కళ్లంలో ఎండిన మిర్చీ తాజాదే. కొత్త పంట ఎండుమిర్చి, కోల్డ్ స్టోరేజీ నుంచి తీసిన నిరుటి మిర్చి రెండూ ఒకటేనని గుంటూరు యార్డులో ఎవరితోనైనా అని చూడండి. పచ్చి పూలతో చేసిన బీర్లు నేనూ తాగాను, ఆకుపసరు వాసన వస్తుంది. అదొక రుచి. సెలబ్రేషన్‌లో వేసే క్యాస్కేడ్, సెంటెనియల్, చినూక్ అనే మూడు రకాల హాప్స్ ఎండితేనే ఆ పంపరపనస, దేవదారు తేలతాయని నా లెక్క.

పాతసీసా (డాలస్):

చరిత్ర కూడా కొంచెం చూడండి. ఆంకర్ బ్రూవరీ శాన్‌ఫ్రాన్సిస్కోలో 1975లో తెచ్చిన తొలి క్రిస్మస్ ఏల్ మసాలా బీరు కాదు. క్యాస్కేడ్ దట్టించిన బీరే, తర్వాత లిబర్టీ ఏల్‌గా స్థిరపడింది. ఏటా లేబుల్ మీద చెట్టు మార్చుతూ మసాలాల వైపు వెళ్లడం ఆ తర్వాతి ముచ్చట. 2023లో ఆ బ్రూవరీ మూతపడ్డ రోజు నాకు అన్నం సయించలేదు, అది వేరే సంగతి. సెలబ్రేషన్ 1981 నుంచి ఉంది. కాబట్టి చలికాలానికి చేదు బీరు చేయడం అమెరికాలో నిన్నా మొన్నా పుట్టిన వింత కాదు.

తాజా తాజా అని అంత గోల అక్కర్లేదనేది మాత్రం నా మాట. నేను ఏటా అరడజను దాచి, మరుసటి శీతాకాలంలో తీస్తాను. చేదు కోణాలన్నీ అరిగి నున్నగా అవుతుంది. కొత్తావకాయకి దాని రుచి దానిది, ఊట దిగిన పాత ఆవకాయకి దాని రుచి దానిది.

నురగలెక్క:

ఉప్పు, నూనె ఆవకాయని కాపాడతాయి. ఈ బీరుని కాపాడేవాళ్లు ఎవరూ లేరు.

హాప్స్ చేదు వేరు, వాసన వేరు. పూలలోని ఆల్ఫా ఆమ్లాలు మరిగినప్పుడు రూపం మారి చేదవుతాయి, అది మెల్లగా తగ్గుతుంది. వాసన నూనెలది. అవి తేలిగ్గా ఎగిరిపోయే రకం, కొన్ని నెలల్లోనే పలచబడతాయి. పైగా సీసాలో మిగిలిన కాస్త ప్రాణవాయువు మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) మీద పనిచేసి తడిసిన అట్టపెట్టె వాసన తెస్తుంది. ఆల్కహాల్ 6.8 శాతమే. ఏళ్ల తరబడి దాచాలనుంటే వాళ్లదే బిగ్‌ఫుట్ బార్లీవైన్ అనే గట్టి బీరు ఉంది, 9.6 శాతం, దాన్ని దాచుకోండి. సీసా మీద ప్యాక్ చేసిన తేదీ ఉంటుంది, చూసి కొనండి. కొట్టువాడు ట్యూబ్‌లైటు కింద పెట్టిన సీసా అసలు తీసుకోవద్దు, వెలుతురికి ఆ చేదు పదార్థమే విరిగి స్కంక్ అనే జంతువు చిమ్మే కంపు వస్తుంది.

పాతసీసా:

అట్టపెట్టె వాసన నాకు ఎప్పుడూ రాలేదు మరి.

చేదుబాట:

జలుబేమో చూసుకోండి.

రాగిచెంబు:

మీ గొడవ చదివి గ్యారేజీలో వెతికాను. నిరుటివి రెండు దొరికాయి. దాచినవి కావు, మర్చిపోయినవి. శనివారం పక్కింటి మిత్రుడొస్తే మా ఆవిడ వంటింట్లో గ్లాసుల్లో పోసి, ఏది ఏదో చెప్పకుండా ఇచ్చింది. ఫ్రిజ్‌లోంచి తీసి పావుగంట ఆగాకే తాగాం. మరీ చల్లగా ఉంటే చేదు తప్ప ఇంకేమీ తెలియట్లేదు.

రంగులో తేడా పట్టుకోలేకపోయాను. వాసన దగ్గరే దొరికిపోయింది. ఒక గ్లాసులో పంపరపనస గుప్పుమంది, రెండోదాంట్లో తొక్క ఎండిపోయిన నారింజ, పాకం. పాతసీసా గారు చెప్పినట్టు చేదు నున్నబడిన మాట నిజమే. తీపి ముందుకొచ్చింది, గొంతులోకి వెచ్చగా దిగింది. అంటే మొదటి పోస్టులో నేను అడిగిన చలికాలపు బీరు అచ్చంగా అదే. సగం గ్లాసు కూడా తాగలేకపోయాను. బెల్లం మిగిలి కాకరకాయ మాయమైన కూరలా ఉంది. కొత్తది మాత్రం బయట వాన పడుతుంటే ఇద్దరం ఖాళీ చేసేశాం.

యాకిమాదారి గారి ఆవకాయ మాట ఒప్పుకుంటున్నాను. ఫ్రెష్ అనే మాట మీద చేదుబాట గారికున్న అనుమానం నాకూ ఉంది. లేబుల్ చూసి పచ్చి పూలే అని ఇన్నేళ్లూ నమ్మాను.

పాతసీసా:

మీ ఆవిడ ఏమన్నారు? అది చెప్పలేదు.

రాగిచెంబు:

ఆమెకి పాతదే నచ్చింది. రెండో సీసా ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె వెనకాల పెట్టి, ముట్టుకోవద్దంది.