బ్యాటరీ గార్డెన్ ట్రాక్టర్ మీద జనరేటర్ బిగించొచ్చా?

ప్రశ్న:
అందరికీ నమస్తే. నా దగ్గర 36 వోల్టుల పాత గార్డెన్ ట్రాక్టర్ ఉంది, 6 వోల్టులవి ఆరు లెడ్ యాసిడ్ బ్యాటరీలు, ఒక్కోటి 220 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే ఆంప్స్ ఇంటూ గంటలు, బ్యాటరీ కెపాసిటీ). గడ్డి కోస్తుంటే 70-80 ఆంప్స్ లాగుతుంది, ఇదివరకు గంటన్నర పైనే వచ్చేది ఇప్పుడు ముప్పావుగంటకే నీరసపడిపోతోంది. అందుకే వెనకాల చిన్న పెట్రోల్ జనరేటర్ పెట్టి దానికే చార్జర్ తగిలిస్తే నడుస్తూనే చార్జ్ అవుద్ది కదా అని. 1 కిలోవాట్ సరిపోద్దా, 2 కావాలా? లేకపోతే చిన్న ఇంజన్‌కి కార్ ఆల్టర్నేటర్ (కార్లో ఇంజన్‌తో తిరుగుతూ బ్యాటరీని చార్జ్ చేసేది) తగిలిస్తే చవకలో పోదా?

రిప్లై 1:
ఐడియా బానే ఉంది గానీ లెక్క చూస్కోండి. 75 ఆంప్స్ ఇంటూ 36, అంటే 2.7 కిలోవాట్లు. 1 కిలోవాట్ దాన్నుంచి చార్జర్ నష్టాలు పోను 20 ఆంప్స్ వస్తే గొప్ప, 2 కిలోవాట్లదైతే 40కి అటూఇటూ. ఏది పెట్టినా కోసేటప్పుడు చార్జ్ ఎక్కదు, దిగడం నెమ్మదిస్తుంది అంతే. అయినా లాభమే, ఎందుకంటే లెడ్ యాసిడ్‌ని ఎంత తక్కువ ఆంప్స్‌తో వాడితే అంత ఎక్కువ ఇస్తుంది, 75 బదులు 50 లాగితే మీరు అనుకున్న దానికన్నా ఇంకాస్త ఎక్కువసేపే నడుస్తుంది. ఆటోమేటిక్ చార్జర్ మాత్రం వద్దు, లోడ్ మారుతుంటే దానికి ఏం అర్థంకాక ఆగిపోద్ది. వోల్టేజీ, కరెంటు రెండూ ఫిక్స్ చేసుకునే పవర్ సప్లై పెట్టి 43 వోల్టుల దగ్గర ఆపేయండి, మోటార్ స్టార్టింగ్‌కి కావాల్సిన కరెంటు బ్యాటరీలే ఇచ్చుకుంటాయి.

రిప్లై 2:
ఆల్టర్నేటర్ జోలికెళ్లకు బ్రో. దాని రెగ్యులేటర్ 14 వోల్టుల దగ్గర పట్టేస్తుంది, 36కి వాడాలంటే అది పీకేసి బయట వేరే రెగ్యులేటర్ పెట్టాలి, పైగా దాని బాడీయే నెగటివ్, నీ బండిలో ఫ్రేమ్‌కి బ్యాటరీ కనెక్షన్ లేకపోతే అక్కడ ఇంకో తలనొప్పి. ఇంకోటి, చార్జింగ్‌లో ఈ బ్యాటరీల్లోంచి హైడ్రోజన్ వస్తుంది, వేడి సైలెన్సర్, ప్లగ్ స్పార్క్ వాటి పక్కనే ఉంటే పేలుద్ది, జోక్ కాదు. షెడ్డు లోపల స్టార్ట్ చేసి వదిలేయడం కూడా వద్దు, పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, వాసన కూడా రాదు.

రిప్లై 3:
అసలు ముందు బ్యాటరీలు చూశారా సార్? 220 ఏహెచ్‌లో ముప్పావుగంటకి మీరు వాడింది 60 కూడా లేదు, అప్పుడే నీరసమంటే జనరేటర్ లేక కాదు, ఎక్కడో ఒకటి పోయింది. సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి కలిపినప్పుడు, ఒకటి పోతే ఆరూ పోయినట్టే. ఫుల్ చార్జ్ చేసి కాసేపు కోసి, లోడ్ మీద ఉండగానే ఒక్కోదానికి మీటర్ పెట్టండి, బ్లేడ్ల దగ్గర మాత్రం చెయ్యి జాగ్రత్త. పైగా ఇలాంటి చిన్న జనరేటర్లు లీటరు పెట్రోలుకి ఒకటి, ఒకటిన్నర యూనిట్లే ఇస్తాయి, గోడ ప్లగ్ ఉండగా అదెందుకండీ.

ప్రశ్న అడిగినతను:
ఇవాళ చూశా. ఐదు 5.9 పైనే ఉన్నాయి, వెనక మూలది 4.7కి పడిపోయింది 😅 మూత తీస్తే ప్లేట్లు పైకి కనిపిస్తున్నాయి, నీళ్లు పోసి చాలా రోజులైంది నాదే తప్పు. ఆ ఒక్కటి మారిస్తే చాలా?

రిప్లై 3:
ముందు ప్లేట్లు మునిగేదాకా డిస్టిల్డ్ వాటర్ పోసి ఫుల్ చార్జ్ చేసి మళ్లీ చూడండి, లేవకపోతే అప్పుడు మార్చండి. మిగతావి మరీ పాతవి కాకపోతే అదే వయసున్న సెకండ్ హ్యాండ్‌ది దొరికితే బెటర్, కొత్తది పెడితే పాతవాటితో కలిసి అదీ తొందరగానే ముసలిదైపోద్ది.