మియాటాకు సాలిడ్ ఇంజన్ మౌంట్లా, రబ్బరువా?

ఎర్ర మియాటా, డాలస్:
అందరికీ నమస్కారం. నాది 1996 మాజ్డా మియాటా. 1.8 లీటర్ ఇంజన్, 5 గేర్ల మాన్యువల్, లక్షా 38 వేల మైళ్లు తిరిగింది. ఇంజన్ మౌంట్లు (ఇంజన్‌ను బండికి పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు) కంపెనీ నుంచి వచ్చినవే, ఇంతవరకు ఎవరూ మార్చలేదు. వారంలో రెండు రోజులు ఆఫీసుకు ఇదే బండి. ఏడాదికి నాలుగైదుసార్లు క్రెసన్ ట్రాక్‌కు, ఒకసారి ఆస్టిన్‌లో సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్‌కు వెళ్తాను.

పోయిన నెల ఆస్టిన్‌లో పొడవాటి స్ట్రెయిట్ దాటి, 12వ మలుపు ముందు మూడో గేరుకు దించుతుంటే గేర్ రాడ్ చేతిలోనే పక్కకు జరిగింది. యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కితే కింద ఠక్కుమంటోంది. మూడనుకుని ఒకటో గేరులో వేస్తే ఇంజన్ పోతుందని టెన్షన్. ట్రాక్‌లో కలిసిన ఒకాయన రబ్బరే లేని అల్యూమినియం సాలిడ్ మౌంట్లు వేసెయ్యమన్నారు, ఇంజన్ ఇక కదలనే కదలదట. కానీ మా అమ్మ ఇండియా నుంచి వచ్చినప్పుడు టాప్ తీసి ఇందులోనే తిప్పమంటుంది. ఆవిడకు నడుం నొప్పి. ఏం చేయమంటారు?

పాత గ్యారేజీ:
బ్రదర్, సాలిడ్ మౌంట్లు ఇప్పుడే కొనకండి. నా 1994 మియాటాకు అవి వేసి ఎనిమిది నెలలు నడిపాను, అందుకే చెబుతున్నాను.

మొదట చాలా నచ్చాయి. గేర్ రాడ్ పాతేసినట్టు నిలబడింది. యాక్సిలరేటర్ మీద కాలు పెట్టగానే బండి అందుకునేది. ఇబ్బందులు తర్వాత మొదలయ్యాయి. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో పిస్టన్ల ఊపు క్రాంక్ ఒక్క చుట్టుకు రెండుసార్లు వస్తుంది. బండి ఆగి ఇంజన్ ఊరికే తిరిగే ఐడిల్‌లో, 850 ఆర్‌పీఎం దగ్గర, అంటే నిమిషానికి 1,700 సార్లు. దాన్ని తగ్గించడానికి ఈ ఇంజన్‌లో బ్యాలెన్స్ షాఫ్టులు లేవు. రబ్బరు మింగాల్సిన ఆ అదురంతా నేరుగా బాడీలోకి పోయింది. సిగ్నల్ దగ్గర ఆగితే అద్దంలో వెనక బండి నంబరు చదవలేకపోయేవాణ్ణి. ఎగ్జాస్ట్ హీట్ షీల్డ్ బోల్టులు రెండు ఎక్కడో రాలిపోయాయి, రేడియేటర్ పట్టీ పగిలింది. ఆస్టిన్ నుంచి ఐ-35 మీద మూడు గంటలు నడిపి ఇంటికొస్తే రాత్రంతా చేతులు తిమ్మిరి. చివరికి మా అమ్మాయి "నాన్నా, వేరే కారులో వెళ్దాం" అంది. ఆ వారమే తీసేశాను.

అసలు మీ బాధ రబ్బరు మెత్తగా ఉండటం వల్ల కాదు, ఆ రబ్బరు ఎప్పుడో చచ్చిపోయింది. మీ ఇంజన్ టార్క్, అంటే తిప్పే బలం, 155 న్యూటన్ మీటర్లే. కానీ మొదటి గేరు నిష్పత్తి 3.136, కాబట్టి గేర్‌బాక్స్ దాటేసరికి అది 486 దాకా అవుతుంది. దాదాపు అంత బలమూ ఇంజన్‌ను పక్కకు మెలిపెడుతుంది. గేర్ రాడ్ గేర్‌బాక్స్ మీదే కూర్చుంటుంది కనుక అదీ దానితో ఊగుతుంది. ఆయిల్ పాన్ కింద చెక్క ముక్క పెట్టి, జాకీతో నెమ్మదిగా అర అంగుళం లేపి చూడండి. రబ్బరు ఇనప ప్లేటు నుంచి విడిపోతే మీ జవాబు మీకు దొరికినట్టే.

కొత్తవి వేసేటప్పుడు, రేసింగ్ కోసం మాజ్డానే అమ్మే గట్టి రబ్బరు మౌంట్లు తీసుకోండి. ఆకారం అదే, రబ్బరు మాత్రం గట్టిది. నా బండికి ఇప్పుడు అవే ఉన్నాయి. ఐడిల్‌లో సీటు కింద కొంచెం తెలుస్తుంది, అంతే.

రెండో గేరు:
పై మాటతో ఏకీభవిస్తాను, ఒకటి కలుపుతాను. మియాటా గేర్‌బాక్స్‌కు సొంత మౌంట్ లేదు. దాన్ని డిఫరెన్షియల్‌తో (వెనక చక్రాలకు బలాన్ని పంచే గేర్ల పెట్టె) కలుపుతూ పొడవాటి అల్యూమినియం ఫ్రేమ్ ఒకటి ఉంటుంది. అంటే ఇంజన్ నుంచి డిఫరెన్షియల్ దాకా అంతా ఒకటే ముక్క. ముందు రెండు మౌంట్లు, వెనక డిఫరెన్షియల్‌ను పట్టి ఉంచే రబ్బరు బుష్‌లు రెండు, బరువంతా ఈ నాలుగింటి మీదే. ముందు వాటినే మార్చి వెనక 1996 నాటి రబ్బరు వదిలేస్తే ఆ ఠక్కు పూర్తిగా పోదు. అవీ చూడండి.

సాలిడ్ తప్పని నేను అనను. 1967లో లోటస్ 49 అనే ఫార్ములా వన్ రేసు కారుకు కాస్వర్త్ డీఎఫ్‌వీ ఇంజన్‌ను నేరుగా బాడీకే బోల్టులతో బిగించారు, ఇంజనే చాసిస్‌లో భాగం. కానీ అలాంటి బండిని ప్రతి రేసు తర్వాత విప్పి, పగుళ్లు వెతికే మనుషులుంటారు. మీకు ఉండేది ఆదివారం మధ్యాహ్నం ఒక్కటే.

ఎర్ర మియాటా, డాలస్:
అన్నా, శనివారం జాకీ పెట్టి చూశాను. ఎగ్జాస్ట్ వైపు మౌంట్‌లో చిటికెన వేలు దూరేంత చీలిక! రెండోది కూడా అంచున ఊడుతోంది. ఇన్నాళ్లూ ఇలాగే ట్రాక్‌లో తిప్పానంటే భయమేసింది. గట్టి రబ్బరు మౌంట్లు ఆర్డర్ పెట్టాను, డిఫరెన్షియల్ బుష్‌లు వచ్చే నెల మారుస్తాను. ఇంజన్ బరువు మౌంట్ల మీదికి దిగాకే బోల్టులు పూర్తిగా బిగించాలి కదా?

పాత గ్యారేజీ:
అవును. ముందు చేత్తో తిప్పి వదిలెయ్యండి. ఇంజన్ దించి, అటూ ఇటూ నాలుగుసార్లు ఊపి, అది సర్దుకున్నాక టార్క్ రెంచ్‌తో బిగించండి. వంద మైళ్లు నడిపాక, క్రెసన్ వెళ్లేముందు, మళ్లీ ఒకసారి చూసుకోండి.