బత్తాయి పూత వాసన సీసాలో దొరుకుతుందా?

బాయికాడిమనిషి:

నమస్తే. మాది నల్గొండ జిల్లా, ఇప్పుడు ఉండేది డల్లాస్ పక్కన అర్వింగ్‌లో. సెంట్ల గురించి నాకు ఓనమాలు కూడా రావు, ప్రశ్న పిచ్చిగా ఉంటే తిట్టకండి.

మాకు నాలుగెకరాల బత్తాయి తోట ఉండేది. చలికాలంలో తోటను బెట్టకు వదిలేసి, తర్వాత పాదులకు నీళ్ళు పెడితే, కొన్నాళ్ళకు చెట్టంతా తెల్లగా పూతకొచ్చేది. రాత్రిపూట కరెంటు వస్తే మోటారు వేయడానికి నాయిన వెంట బాయికాడికి పోయేవాణ్ణి. గట్టు మీద నిలబడితే ఆ వాసన ముక్కులోంచి గొంతులోకి దిగేది. తీపి. ఎక్కువసేపు ఉంటే తల పట్టేసేంత తీపి. బోర్లు ఎండిపోయి తోట కొట్టేసి చాలా ఏళ్ళయింది.

మొన్న పుట్టినరోజుకి ఒక ఖరీదైన నెరోలి సెంటు కొన్నాను. పేరెందుకులెండి. "ఇది ఆరెంజ్ పువ్వే" అని కౌంటర్లో అమ్మాయి చెప్పింది. ఇంటికొచ్చి కొట్టుకుంటే నిమ్మకాయ సబ్బుతో స్నానం చేసినట్టుంది. అరగంటకి అదీ లేదు. మా ఆవిడ "షేవింగ్ లోషన్ మార్చావా?" అని అడిగింది.

బత్తాయి పూతకి దగ్గరగా వచ్చే సీసా ఏదైనా ఉందా? జేబు ఖాళీ కాకుండా నాలుగైదు పోల్చి చూసుకోవడం ఎలా?

శాంపిల్‌రాజా:

బ్రో, జో మలోన్ ఆరెంజ్ బ్లాసమ్ చూడు. తేలిగ్గా, శుభ్రంగా ఉంటుంది. కిలియన్ వాళ్ళ లవ్ డోంట్ బీ షై అని ఇంకోటి ఉంది, అందులోనూ ఈ పువ్వే ఉంటుంది గానీ పంచదార పాకంలో ముంచి తీసినట్టు. చీమలు పడితే నన్నడగొద్దు.

పోపులపెట్టె:

బాబూ, నువ్వు మోసపోలేదు. నీకిచ్చింది సరైన నెరోలియే. నీకు కావలసింది నెరోలి కాదు, అదీ సంగతి.

నేను ముప్ఫై ఏళ్ళు ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. ఉండేది విజయవాడ. మా అమ్మాయి ఫ్రాన్స్‌లో తూలూజ్‌లో ఉంటుంది, ఈ పిచ్చి అక్కడ అంటుకుంది. మా అత్తగారి నాటి పోపులపెట్టెలో ఆవాలు, మెంతులు ఉండాల్సిన గిన్నెల్లో 2 మి.లీ. సీసాలు నిలబెట్టి దాచుకుంటాను. నారింజ పువ్వువే 31 ఉన్నాయి. మా వారు పొరపాటున కూడా ఆ మూత తియ్యరు.

సెంట్లవాళ్ళు వాడే పువ్వు మన బత్తాయిది కాదు, చేదు నారింజది. రెండూ దగ్గరి చుట్టాలే గానీ ఒకటి కాదు, కాబట్టి అచ్చంగా మీ తోటే సీసాలో దొరుకుతుందని ఆశ పెట్టుకోకు. ఆ పూలను ఆవిరి పట్టి తీసిన నూనె నెరోలి. ఇటలీలో నెరోలా అనే ఊరి రాణిగారు 17వ శతాబ్దంలో తన చేతి తొడుగులకి పట్టించుకునేదట, పేరు అలా వచ్చింది. టన్ను పూలు వేస్తే ఇంచుమించు కిలో నూనె వస్తుంది. అవే పూలను ఆవిరికి పెట్టకుండా హెక్సేన్ అనే ద్రావకంలో నానబెట్టి లాగితే వచ్చేది ఆబ్సల్యూట్. ముదురు నారింజ రంగులో, చిక్కగా ఉంటుంది. ఆకులు, లేత రెమ్మలు ఆవిరి పడితే పెటిగ్రెయిన్. చెట్టు అదే, పచ్చి ఆకు నలిపిన వాసన.

ఇక అసలు విషయం. ఈ పువ్వులో ఇండోల్ అని ఒక రసాయనం ఉంది, మల్లెలోనూ ఉంటుంది. విడిగా చూస్తే బీరువాలో వేసే కలరా ఉండల వాసన. మిథైల్ ఆంత్రనిలేట్ అని ఇంకోటి, ద్రాక్ష బబుల్‌గమ్‌లో వచ్చేది అదే. తల పట్టేసేంత తీపి అన్నావే, చాలావరకు ఈ రెండింటి పనే. ఆవిరి పట్టినప్పుడు వీటిలో కొంత నూనెలోకి రాకుండా నీళ్ళలోకి పోతుంది. మిగిలిన నూనెలో లినలూల్, లిమోనీన్ లాంటి తేలికపాటి వాసన పదార్థాలు ముందుంటాయి. అందుకే నెరోలి శుభ్రంగా, సబ్బులా అనిపిస్తుంది. నిజానికి నెరోలి సబ్బులా లేదు, సబ్బులే నెరోలిలా ఉన్నాయి. జర్మనీలో పుట్టిన కొలోన్ సెంట్లు 18వ శతాబ్దం నుంచి ఈ నూనె మీదే బతికాయి, మన ముక్కు వాటికి అలవాటు పడిపోయింది. నీకు కావలసింది ఆబ్సల్యూట్ దండిగా పడ్డ సీసా.

ఒకసారి మార్చి చివర్లో మా అమ్మాయి స్పెయిన్‌లో సెవిల్ తీసుకెళ్ళింది. ఆ ఊళ్ళో వీధి చెట్లే చేదు నారింజ. పోయినేటి కాయ కొమ్మ మీదే ఉంది, దాని పక్కనే ఈ ఏటి పూత. కింద రాలిన పువ్వొకటి తీసి చూశాను. ఐదు రేకులు, మందంగా, కొవ్వొత్తి మైనంలాగా. గోటితో నొక్కిన చోట నిమిషంలో గోధుమరంగు గీత పడింది. నొక్కకముందు తేనె వాసన, నొక్కాక మెంతాకు చేదు. సాయంత్రం అదే వీధిలో ఈస్టర్ వారపు ఊరేగింపు పోతుంటే సాంబ్రాణి, మైనం, ఈ పువ్వు కలిసి వచ్చాయి. లార్టిసాన్ పర్ఫ్యూమర్ వాళ్ళు 2012లో తెచ్చిన సెవిల్ ఆ లోబ్ అనే సెంటు ఈ మూడింటి చుట్టూనే తిరుగుతుంది. నాకు ప్రాణం, కానీ నీకు గుడి గుర్తొస్తుంది, తోట రాదు.

నువ్వు మొదట చూడాల్సింది సెర్జ్ లుటెన్స్ ఫ్లర్ దొరాంజే. పువ్వు పిడికెడు మొహాన కొట్టినట్టుంటుంది, అడుగున జీలకర్ర. కొందరికి చెమట కంపు అనిపిస్తుందట, నాకు మాత్రం ముహూర్తం వేళ జీలకర్ర బెల్లమే. యూరప్‌లో ఇది పెళ్ళి పువ్వే మరి, 1840లో విక్టోరియా రాణి పెళ్ళికి తలలో పెట్టుకుంది దీన్నే. రెండోది ఏలీ సాబ్ ల పర్ఫమ్. పువ్వు పక్కన మల్లె, తేనె. జనానికి నచ్చేలా చేసింది, తప్పేం లేదు. పోలికకి ఎర్మెస్ ఓ ద నెరోలి దోరే కూడా పెట్టుకో. అందులో నెరోలితో కుంకుమపువ్వు కలిపారు. దాని పక్కన లుటెన్స్ పెట్టి చూస్తే ఆవిరికీ హెక్సేన్‌కీ తేడా నేను చెప్పక్కర్లేకుండా తెలుస్తుంది.

నిండు సీసా కొనొద్దు. 2 మి.లీ. శాంపిళ్ళు తెప్పించుకో. రోజుకి రెండే, మణికట్టుకొకటి. పది నిమిషాలకి, గంటకి, నాలుగు గంటలకి ఏమనిపించిందో తెలుగులో రాసుకో. "ఫ్రెష్", "ఫ్లోరల్" అని రాస్తే వారం తర్వాత నీకే అర్థం కాదు. మధ్యలో కాఫీ గింజలు వాసన చూడమంటారు, దండగ. నీ చొక్కా చేతిలో ముక్కు పెట్టుకుంటే చాలు. ఇంకో మాట, సీసాలు చీకట్లో ఉంచు. నేనొక వేసవంతా ఒకటి కిటికీ పక్కన వదిలేశాను. మా విజయవాడ ఎండకి లిమోనీన్ చెడిపోయి టర్పెంటైన్ కంపు కొట్టింది. సున్నం వేసేవాళ్ళు వచ్చారా అని పక్కింటావిడ అడిగింది.

బాయికాడిమనిషి:

మేడం, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. రోజుకి రెండే అన్నారు, ఆత్రం కొద్దీ నేను నాలుగు కొట్టుకుని ఆఫీసుకి పోతే కారులో నాతో వచ్చే అతను అద్దం దించాడు. నీళ్ళలోకి పోతుందన్నారు కదా, మరి ఆ నీళ్ళు పారబోస్తారా?

పోపులపెట్టె:

పారబోస్తే ఊరుకుంటారా! ట్యునీషియాలో నాబెల్ అనే ఊళ్ళో వసంతంలో ఇంటింటా అవే కాస్తారు. మీ దగ్గర అరబ్బు కిరాణా కొట్టు ఉంటే మాజహర్ అని సీసా మీద రాసి ఉంటుంది, సెంట్లతో పోలిస్తే కారుచౌక. కొనేముందు వెనక చదువు, ఎసెన్స్ కలిపిన నీళ్ళు కూడా అదే అరలో ఉంటాయి. లెబనాన్‌లో అన్నం తిన్నాక వేడినీళ్ళలో ఒక చెంచా వేసుకుని తాగుతారు, దానికి తెల్ల కాఫీ అని పేరు. కాఫీ చుక్క కూడా ఉండదు. నేను పరమాన్నంలో వేసి చూశాను. మా వారు సబ్బు పడిందన్నారు. ఎవరి ముక్కు వాళ్ళది.

తులం_అత్తరు:

అన్నా, హైదరాబాద్ నుంచి. చార్మినార్ దగ్గర ఆరెంజ్ బ్లాసమ్ అని చిన్న సీసాలమ్ముతారు, ఆ ధరకి అసలు పువ్వు నూనె రాదు, ల్యాబులో కలిపిందే. సరదాకైతే తీసుకో. నేను చెప్పేది వేరే. నువ్వు రాసింది రెండుసార్లు చదివిన. అందులో పూత సగమే, మిగతా సగం తడిసిన పాదు. ఉత్తరప్రదేశ్‌లో కన్నౌజ్ అని అత్తర్ల ఊరుంది, అక్కడి మట్టి అత్తరు చూడు. కాల్చిన మట్టిని రాగి డేగుల్లో, అంటే పెద్ద గుండిగల్లో, నీళ్ళతో ఉడికించి, ఆ ఆవిరిని గంధం నూనెలోకి దింపుతారు. తొలకరి పడ్డట్టే ఉంటది. ముందు అది ఒక చుక్క, దాని మీద పువ్వు.

పోపులపెట్టె:

గంధం నూనె మీద నారింజ పువ్వు నిలవదు, అణిగిపోతుంది అని రాయబోయి, సరే చూద్దామని ఆగాను. నా దగ్గర మట్టి అత్తరు అడుగున కాస్త ఉంది. నిన్న రాత్రి లుటెన్స్‌తో కలిపి చూశాను. మొదటి పది నిమిషాలు రెండూ పోట్లాడుకున్నాయి. తర్వాత జీలకర్ర వెనక్కి తగ్గింది. అది నేననుకోలేదు. నాలుగు గంటలకి పువ్వు పోయింది, మట్టి మిగిలింది. తులంగారూ, మీదే గెలుపు, సగం.

బాయికాడిమనిషి:

మూడు వారాలయింది, చెప్పి పోదామని వచ్చాను. ఎర్మెస్ బాగుంది, మా ఆవిడ తీసేసుకుంది. ఏలీ సాబ్ పెళ్ళి హాల్లా ఉంది. లుటెన్స్ మొదటి అరగంట నాకు పడలేదు, ఎవరో ఇరుకుగా పక్కన కూర్చున్నట్టు. గంట తర్వాత చెత్త పారేయడానికి బయటికి పోతే చలిగాలి తగిలింది, అప్పుడు వచ్చింది. పూర్తిగా కాదు. తోటకి ఇవతల రోడ్డు మీద ఉన్నంత దూరంలో.

మాజహర్ నీళ్ళు కూడా తెచ్చాను. మా పాప దాన్ని "ద్రాక్ష నీళ్ళు" అంటోంది, మేడం చెప్పిన బబుల్‌గమ్ సంగతి దానికి ఎవరూ చెప్పలేదు.

మట్టి అత్తరు మాత్రం ఇక్కడ నమ్మకంగా దొరకట్లేదు. వేసవి సెలవుల్లో హైదరాబాద్ నుంచి డల్లాస్ వచ్చేవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. 3 మి.లీ. చాలు, చెక్-ఇన్ బ్యాగులో పడుతుంది. బదులుగా మాజహర్ రెండు సీసాలు ఇస్తాను.