ప్రమాదం లేదని తెలిసినా శరీరం ఎందుకు నమ్మదు?

ప్రశ్న:
నిత్యం గొడవలు జరిగే ఇంట్లో పెరిగాను. ఇప్పుడు విడిగా ఉంటున్నాను, నన్ను భయపెట్టేవారెవరూ లేరు. అయినా పక్కగదిలో తలుపు దబ్బున పడితే గుండె దడదడలాడుతుంది, అరచేతులకు చెమట పడుతుంది, ఆ తర్వాత చాలాసేపు ఏ పనిమీదా మనసు నిలవదు. భయపడవలసిందేమీ లేదని ఎంత చెప్పుకున్నా ప్రయోజనం కనిపించడం లేదు. శరీరానికి ఈ సంగతి నేర్పడం సాధ్యమేనా?

మొదటి సమాధానం:
సాధ్యమే, అయితే మాటలతో కాదు. చెవిన పడిన శబ్దం గురించి మనం ఆలోచించేలోపే ఆ సమాచారం మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డాలా అనే భాగానికి చేరుతుంది. అక్కడినుంచి మెదడులోనే ఉన్న హైపోథలామస్ అనే మరో భాగం ద్వారా, శరీరాన్ని అప్రమత్తం చేసే సింపథెటిక్ నాడీవ్యవస్థ మేల్కొని, అడ్రినలిన్ అనే హార్మోను రక్తంలో కలిసి, పోరాడడానికో పారిపోవడానికో శరీరం సిద్ధమవుతుంది. శరీరం ఇలా సిద్ధం కావడాన్ని అమెరికన్ శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లోనే తన పుస్తకంలో వివరించారు. అడ్రినలిన్ ప్రభావం కొద్ది నిమిషాల్లో తగ్గినా, ఒత్తిడికి విడుదలయ్యే మరో హార్మోను కార్టిసాల్ పతాకస్థాయికి చేరడానికే సుమారు 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. అందువల్ల తర్వాత మనసు నిలవకపోవడాన్ని దయచేసి మీ బలహీనతగా భావించకండి.

మెదడును గుండె, ఊపిరితిత్తుల వంటి అవయవాలతో కలిపే వేగస్ నాడిలోని తంతువులలో సుమారు 80 శాతం శరీరం నుంచి మెదడుకే సమాచారాన్ని మోసుకెళ్తాయి, కాబట్టి మెదడును శాంతపరచడం శరీరం నుంచే మొదలుపెట్టవచ్చు. పైగా ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కొంత తగ్గుతుంది. నిమిషానికి ఆరుసార్ల చొప్పున, వదిలే ఊపిరిని కాస్త పొడిగిస్తూ శ్వాసించి చూడండి.

రెండవ సమాధానం:
పై వివరణతో ఏకీభవిస్తాను, కానీ శ్వాస ఆ క్షణాన్ని దాటించగలదే తప్ప భద్రతను నేర్పడానికి అదొక్కటే చాలదు. రష్యన్ శాస్త్రవేత్త పావ్లోవ్ ప్రయోగాలలో, గంట మోగాక ఆహారం వస్తుందని అలవాటుపడిన కుక్కలకు గంట వినగానే లాలాజలం ఊరేది; గంట మోగినా ఆహారం రాకపోతే అది క్రమంగా ఆగిపోయింది; కొంత విరామం తర్వాత గంట మోగిస్తే మళ్లీ ఊరింది. అంటే పాత పాఠం చెరిగిపోదు, దాని పక్కన కొత్త పాఠం చేరుతుంది. ఆ కొత్త పాఠం నేర్చుకున్న చోటికే పరిమితమయ్యే అవకాశం ఉంది కాబట్టి, శబ్దం వచ్చినా కీడు జరగలేదన్న అనుభవం వేర్వేరు చోట్ల, వేర్వేరు వేళల్లో కలగాలి. మధ్యలో భయం తిరిగి తలెత్తితే చేసినదంతా వృథా అయిందని నిరాశపడవద్దు.

ప్రశ్న అడిగినవారు:
శబ్దం వినగానే లేచి వెళ్లి ఎవరైనా ఉన్నారేమోనని చూసి వస్తాను, అప్పుడే స్థిమితపడతాను. ఇది మంచిదేనా?

రెండవ సమాధానం ఇచ్చినవారు:
చూసి వచ్చినందువల్లే బయటపడ్డానని శరీరం లెక్క కట్టుకుంటుంది, చూడకపోయినా ఏమీ కాదని తెలుసుకునే అవకాశం దానికి దొరకదు. ఒక్కసారిగా మానేయనక్కరలేదు, లేచే ముందు కొంచెం ఆగి, ఆ వ్యవధిని మెల్లగా పెంచుకుంటూ పోండి.

మొదటి సమాధానం ఇచ్చినవారు:
ఒక ముఖ్యమైన మాట చేర్చాలి. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా, రక్తహీనత ఉన్నా గుండెదడ వస్తుంది కాబట్టి ముందుగా వైద్యపరీక్ష చేయించుకోండి. పీడకలలు వస్తున్నా, పాత సంఘటనలు కళ్లముందు మళ్లీ జరుగుతున్నట్టు అనిపిస్తున్నా ఈ సాధన ఒంటరిగా చేయవద్దు. ఆఘాతానంతర సమస్యలకు, అంటే పాత భయానక అనుభవాల వల్ల మిగిలిన మానసిక ఇబ్బందులకు, చికిత్స చేయడంలో శిక్షణ పొందిన మనస్తత్వ నిపుణుల సహాయంతోనే మొదలుపెట్టండి.