క్యాంపర్ వ్యానులో గ్యాసు పొయ్యి: ఏది కొనాలి, ఎలా బిగించాలి?

ప్రశ్న (యలహంక, బెంగళూరు): నమస్కారమండీ. పాత వ్యానును క్యాంపరుగా, అంటే లోపలే వండుకుని పడుకునేలా మార్పించి, చలికాలంలో అమ్మానాన్నలతో హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయ దాకా వెళ్లాలనుకుంటున్నాము. రెండు బర్నర్ల పొయ్యికి 5 కిలోల సిలిండరును ఎక్కడ అమర్చాలి?

సమాధానం 1: గ్యాసు గాలికన్నా బరువైనది కనుక, లీకైతే పైకి పోకుండా నేల మీదే పేరుకుంటుంది. అందుచేత సిలిండరును వ్యాను లోపలికి గాలి చొరని విడి అరలో నిలువుగా పట్టీతో బిగించి, ఆ అర అడుగున బయటికి తెరుచుకునే రంధ్రం పెట్టించండి. కిటికీ తెరిస్తే చాలునని మెకానిక్ అన్నా ఒప్పుకోకండి.

సమాధానం 2: మంట ఆరితే గ్యాసు దానంతటదే ఆగిపోయే పొయ్యినే కొనండి. మా వ్యానులో రబ్బరు పైపు రేకు అంచుకు రాసుకుని ఏడాదిలోనే చిరిగింది. ప్రయాణానికి ముందు సబ్బునీళ్లు పూసి చూశాము కనుక బుడగలు కనబడి, ప్రమాదం తప్పింది.

సమాధానం 3: మన వంటగ్యాసు ప్రొపేను, బ్యూటేనుల మిశ్రమం. ప్రొపేను మైనస్ 42 డిగ్రీల దగ్గరే మరుగుతుంది గానీ, బ్యూటేను సున్నాకు కాస్త దిగువకు చేరితే ద్రవంగానే ఉండిపోతుంది కాబట్టి స్పితి చలిలో మంట సన్నగిల్లుతుంది. అప్పుడు సిలిండరును మంటతో వేడి చేయకండి. పెద్దవాళ్లకు చలిగా ఉందని పొయ్యి వెలిగించి పడుకోనే వద్దు. మూసిన వ్యానులో మంట నుంచి వెలువడే విషవాయువు కార్బన్ మోనాక్సైడు పేరుకున్నా, వాసన కూడా తెలియదు.