అప్‌డేట్: చికిత్స వద్దన్న మా చెల్లి విషయం

అనొరెక్సియాతో (బరువు పెరుగుతామనే భయంతో తిండి మానేసే మానసిక జబ్బు) చిక్కిపోతున్న మా చెల్లి (22 ఏళ్లు) వద్దంటున్నా ఆసుపత్రిలో చేర్చవచ్చా అని గత నెల మిమ్మల్ని అడిగాను. తార్నాకలోని మా ఇంట్లో ఆ రోజుల్లో ఎవరికీ నిద్ర లేదు.

నిర్ణయం ఇతరులకు తప్పుగా కనిపించినంత మాత్రాన ఆమెకు నిర్ణయ సామర్థ్యం లేదనకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 4వ సెక్షన్ చెబుతోందని డాక్టరుగారు ముందే అమ్మకు వివరించారు. రక్తంలో పొటాషియం పడిపోతే గుండె లయ తప్పుతుందని చెల్లి మాకంటే స్పష్టంగా చెప్పగలిగింది. కానీ అది తన గుండెకూ వర్తిస్తుందని మాత్రం నమ్మలేకపోయింది. తెలిసిన సంగతిని తనకు అన్వయించుకోలేకపోవడమే ఈ జబ్బులో అసలు సమస్య అని, సామర్థ్యాన్ని పరీక్షించే మామూలు ప్రశ్నలకు అది దొరకదని నాకు అప్పుడే అర్థమైంది.

అందుకే అదే చట్టం 89వ సెక్షన్ కింద ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించి, గరిష్ఠంగా 30 రోజులకు వర్తించే చేరికను సూచించారు. చెల్లి తరఫు ప్రతినిధిగా నాన్నగారు దరఖాస్తు ఇచ్చారు. అయినా ప్రతి చికిత్సకూ ముందు ఆమెనే అడిగారు. ముక్కు ద్వారా ఆహారం ఎక్కించే గొట్టం వద్దంది, ఫాస్ఫేటు మాత్రలకు, రోజువారీ రక్తపరీక్షకు ఒప్పుకుంది. చాలా రోజులు తినని మనిషికి మొదట్లోనే ఎక్కువ పెడితే రక్తంలో ఫాస్ఫేటు ప్రమాదకరంగా పడిపోతుందని ఆహారం మెల్లగా పెంచారు.

చెల్లి నాతో ఇంకా మాట్లాడటం లేదు. నిన్న సాయంత్రం మాత్రం అరగిన్నె పెరుగన్నం తిన్నది.